ముందు విడిపించాలి, తర్వాతే చేర్చాలి: పాత మెయిళ్ల తరలింపు

ఈమెయిల్ అంటే ఎక్కడో దూరాన ఉన్న సంస్థ సర్వర్‌లో భద్రంగా ఉంటుందనీ, ఏ కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టినా కళ్లముందుకు వస్తుందనీ నేటి వాడుకరి అనుకోవడం సహజమే గాని, ఆ నమ్మకం ఇటీవలి అలవాటు వల్ల ఏర్పడిందే తప్ప మెయిల్ చరిత్రంతటికీ వర్తించేది కాదు. 1990ల చివరి నుంచి దాదాపు పదిహేనేళ్ల పాటు ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ మెయిల్ ఎక్కువగా పాప్‌3 అనే పద్ధతి మీద నడిచింది. ఈ పద్ధతిలో సర్వర్, అంటే మెయిళ్లను అందుకుని పంచే కేంద్ర కంప్యూటర్, కొత్త మెయిల్‌ను వాడుకరి వచ్చి తీసుకునేదాకా మాత్రమే అట్టే పెట్టుకుని, ఇంట్లోని ప్రోగ్రామ్ దాన్ని దింపుకోగానే తన దగ్గరి ప్రతిని తుడిచేస్తుంది. ‘సర్వర్‌లో ఒక ప్రతి ఉంచు’ అనే గడిలో టిక్ పెట్టినవారికి ఈ నియమం వర్తించకపోయినా, ఆ గడి సెట్టింగుల లోపలి పేజీలో ఉండటం వల్లా, ఆ రోజుల్లో సర్వర్ ఇచ్చే చోటు చాలా తక్కువ కావడం వల్లా, దాన్ని వాడినవారు కొద్దిమందే. హాట్‌మెయిల్ తొలినాళ్లలో ఉచితంగా ఇచ్చింది 2 మెగాబైట్లు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 గిగాబైట్ ఇస్తామని ప్రకటిస్తే చాలామంది దాన్ని ఏప్రిల్ ఫూల్ హాస్యమనుకున్నారు. కనుక ఆ కాలపు మెయిళ్లకు తరచుగా లోకంలో ఒకే ఒక్క ప్రతి ఉంటుంది, అది అటక మీద ఉన్న పాత సిస్టం హార్డ్ డిస్క్‌లో ఉంటుంది.

హైదరాబాద్ ఆగ్నేయ అంచున ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. కంచన్‌బాగ్, ఇమారత్ ప్రాంతాల్లోని రక్షణ సంస్థల్లో పనిచేసి రిటైరైనవారు, దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలూ ట్యూషన్ సెంటర్లూ నడిపినవారు, పిల్లలను అమెరికాకు పంపినవారు బాలాపూర్, మీర్‌పేట, బడంగ్‌పేట కాలనీల్లో ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైనప్పుడు దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ లేదు. వీఎస్‌ఎన్‌ఎల్ ఆ సేవను 1995 ఆగస్టు 15న కొన్ని మహానగరాల్లో ప్రారంభించింది, ఆ తర్వాతే అది హైదరాబాద్‌కు చేరింది. నగరవాసులు అప్పట్లో తీసుకున్న హెచ్‌డీ1, హెచ్‌డీ2 అనే గుర్తులతో కూడిన వీఎస్‌ఎన్‌ఎల్ చిరునామాలూ, ఆపై బీఎస్‌ఎన్‌ఎల్ ఇచ్చిన సంచార్‌నెట్ చిరునామాలూ నేడు వాడుకలో లేవు. ఆ చిరునామాలకు వచ్చిన ఉత్తరాలను, అంటే కూతురు డల్లాస్ నుంచి రాసిన మొదటి మెయిల్‌నో, ప్లాట్ అమ్మిన వ్యక్తి కొలతలు ఒప్పుకుంటూ పంపిన జాబునో, తిరిగి ఇవ్వగల సర్వర్ ఏదీ మిగలలేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో అనేక కుటుంబాలు కొత్త యంత్రాల వైపు మళ్లుతున్న ఈ సమయంలో, పాతదాన్ని పాత ఇనుప సామాను వారికో ఎక్స్‌ఛేంజ్‌కో ఇచ్చేముందు చేయవలసిన పనిని ఈ అధ్యాయం వివరిస్తుంది.

తొలి ప్రమాదం కొత్త ప్రోగ్రామ్‌లో ఉండదు, రిపేరు బల్ల మీద ఉంటుంది. పాత సిస్టం నెమ్మదించిందని దుకాణానికి తీసుకెళితే ‘బ్యాకప్ తీసి ఫార్మాట్ కొడతాం’ అంటారు. ఆ మాటలో బ్యాకప్ అంటే సాధారణంగా డెస్క్‌టాప్ మీద ఉన్నవీ, మై డాక్యుమెంట్స్‌లో ఉన్నవీ, ఫొటోలూ మాత్రమే. మెయిళ్లు అక్కడ ఉండవు. విండోస్ ఎక్స్‌పీలోని అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిల్ ప్రోగ్రామ్ తన మెయిళ్లను వాడుకరి పేరిట ఉన్న లోకల్ సెట్టింగ్స్ అనే దాచిన ఫోల్డర్ లోపల, ఐడెంటిటీస్ అనే ఫోల్డర్‌లో, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి పేరు గల మరో ఫోల్డర్‌లో ఉంచుతుంది. థండర్‌బర్డ్ అనే మరో మెయిల్ ప్రోగ్రామ్ కూడా తన ప్రొఫైల్‌ను, అంటే మెయిళ్లూ చిరునామాలూ సెట్టింగులూ అన్నీ కలిసిన ఫోల్డర్‌ను, దాచిన చోటే పెడుతుంది. పనివాడి నిజాయితీలో లోపమేమీ లేకపోయినా, కంటికి కనబడనిదాన్ని అతడు కాపీ చేయడు, యజమానికీ అడగాలని తోచదు. అందువల్ల ‘మెయిల్ ఫోల్డర్ వేరుగా ఉంది, దాచిన ఫైళ్లను కనబడేలా చేసి తీయండి’ అని నోటితో చెప్పడమే కాక, కాగితం మీద రాసి సిస్టంకు అతికించడం మంచిది; అంతకన్నా మంచిది, ఫార్మాట్ జోలికే పోకుండా ఆ హార్డ్ డిస్క్‌ను విప్పించి ఇంట్లో పెట్టుకుని, కొత్త యంత్రానికి కొత్త డిస్క్ వేయించడం.

ఫైళ్లు దొరికాక తేలే సంగతి ఏమిటంటే, ఒక్కొక్క ప్రోగ్రామ్ మెయిళ్లను తనకు మాత్రమే తెలిసిన రీతిలో మూట కడుతుంది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఒక్కో ఫోల్డర్‌ను ఒక్కో డీబీఎక్స్ ఫైలుగా ఉంచి, ఆ ఫైలు 2 గిగాబైట్ల పరిమితిని సమీపించినప్పుడు పాడుచేసుకునే గుణం కలది. ఆఫీస్‌తో వచ్చే అవుట్‌లుక్ అన్నిటినీ కలిపి పీఎస్‌టీ అనే ఒకే పెద్ద ఫైలులో కుక్కుతుంది. ఈ ఫైళ్లలో 2003కు ముందరి తరానికి కూడా 2 గిగాబైట్లే హద్దు, పైగా ఆ తరం ఫైలుకు తెలుగు లిపిని నిలుపుకునే శక్తి లేదు. థండర్‌బర్డ్ మాత్రం ఎంబాక్స్ అనే పాత యూనిక్స్ సంప్రదాయాన్ని పాటిస్తుంది: ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఒకదాని కింద ఒకటి సాదా అక్షరాల్లో ఒకే ఫైలులో ఉంటాయి, వాటి పట్టిక ఎంఎస్‌ఎఫ్ అనే చిన్న ఫైలులో వేరుగా ఉంటుంది. ఈ పట్టిక చెడితే కంగారుపడి మెయిళ్లు పోయాయనుకునేవారు చాలామంది ఉన్నారు గాని, పట్టికను తీసేసి ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరిస్తే అది కొత్త పట్టికను తానే రాసుకుంటుంది. ఇవి కాక ఈఎంఎల్ అనే రూపం ఉంది. ఒక మెయిల్‌కు ఒక ఫైలు, అందులో మెయిల్ ప్రయాణించిన దారి వివరాలూ, విషయమూ, జతచేసిన ఫైళ్లూ అన్నీ సాదా పాఠ్యంగా ఉంటాయి.

ఈ అధ్యాయం ప్రతిపాదించే పద్ధతి ఒక్క వాక్యంలో చెప్పదగినది: పాత ప్రోగ్రామ్ నుంచి నేరుగా కొత్త ప్రోగ్రామ్‌లోకి మెయిళ్లను పోయకూడదు; ముందుగా వాటిని ఎవరి సొత్తూ కాని రూపంలోకి, అంటే ఈఎంఎల్‌లోకి గాని ఎంబాక్స్‌లోకి గాని విడిపించి, ఆ ప్రతిని వేరుగా భద్రపరచి, దాని నకలును మాత్రమే కొత్తదానిలోకి చేర్చాలి. ‘ఇంపోర్ట్’ అనే బటన్ ఉండగా ఇంత శ్రమ దేనికనే ప్రశ్న న్యాయమైనదే. ఆ బటన్ ఏ ఫోల్డర్‌ను వదిలేసిందో, ఏ మెయిల్‌ను చదవలేక దాటేసిందో చాలాసార్లు చెప్పదు. పని పూర్తయిందనే సందేశం మాత్రం చూపిస్తుంది. అంతేగాక అవుట్‌లుక్ వంటి ప్రోగ్రామ్ లోపలికి తీసుకున్న మెయిల్ అసలు పాఠాన్ని యథాతథంగా ఉంచదు, తన పద్ధతిలో విడగొట్టి దాచుకుంటుంది, బయటికి ఇవ్వమన్నప్పుడు మళ్లీ అతికించి ఇస్తుంది. అలా వచ్చింది చదవడానికి బాగానే ఉన్నా మొదట అందిన మెయిల్‌తో అక్షరాక్షరం సరిపోలదు. ఈ తేడా ఎక్కడ ప్రాణం మీదికి వస్తుందో మున్ముందు తెలుస్తుంది.

విడిపించే పనిలో పాత ప్రోగ్రామ్ బతికి ఉండటం గొప్ప సౌలభ్యం. ఎక్స్‌పీ యంత్రం ఇంకా వెలుగుతూ ఉంటే, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నిటినీ ఎంచుకుని డెస్క్‌టాప్ మీది ఖాళీ ఫోల్డర్‌లోకి మౌస్‌తో లాగితే చాలు, ఒక్కొక్కటీ ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా మారుతుంది. ఫోల్డర్ల అమరిక దానంతటదే రాదు కనుక అసలు పేర్లతోనే ఖాళీ ఫోల్డర్లను ముందే తయారు చేసుకోవాలి; వేల మెయిళ్లున్న ఇన్‌బాక్స్‌ను ఒకేసారి లాగితే పాత యంత్రం నీలుగుతుంది కనుక ఏడాదికొక వంతుగా లాగడం మేలు. ఈ పని మధ్యలో ‘స్థలం ఆదా చేయడానికి మెయిళ్లను కుదించమంటారా’ అని ప్రోగ్రామ్ అడిగితే ఒప్పుకోకూడదు. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 తర్వాత ఇది ప్రతి నూరుసార్లు మూసినప్పుడల్లా అడిగే ప్రశ్న, ఆ కుదింపు నడుమ కరెంటు పోతేనో విసుగెత్తి ఆపేస్తేనో ఫోల్డర్లు ఖాళీ అయిన సందర్భాలున్నాయి. అప్పటికే అలా జరిగి ఉంటే రీసైకిల్ బిన్‌లో బీఏకే అనే తోకతో పాత ఫైళ్లు ఉండవచ్చు, వాటి తోకను డీబీఎక్స్‌గా మార్చి తిరిగి వాటి చోటులో పెడితే మెయిళ్లు కనబడే అవకాశం ఉంది. అవుట్‌లుక్ విషయంలో కంప్యూటర్‌లో అవుట్‌లుక్ ఉండగానే థండర్‌బర్డ్‌ను దించుకుని దాని ద్వారా తీయడం ఒక మార్గం. అయితే రెండూ 32 బిట్ తరానివైనా 64 బిట్ తరానివైనా కావాలి, లేకుంటే ఒకదాని మాట మరొకదానికి వినబడదు. థండర్‌బర్డ్ నుంచి థండర్‌బర్డ్‌కే మారేవారికి ఇదంతా అక్కరలేదు, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని ఎత్తి కొత్త చోట పెట్టడం సరిపోతుంది. విడిపించిన ఈఎంఎల్ గుట్టను థండర్‌బర్డ్‌లోకి తేవడానికి ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ అనే ఉచిత అదనపు పరికరం ఉంది. లోపలి ఫోల్డర్ల అమరికతో సహా తీసుకోగలగడం దాని ప్రయోజకత్వం.

సర్వర్‌నే వంతెనగా వాడుకోవచ్చన్న సలహా తరచుగా వినబడుతుంది. ఐమ్యాప్ అనేది పాప్‌3కు భిన్నంగా మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి అన్ని యంత్రాల్లోనూ ఒకే రూపంలో చూపే పద్ధతి. పాత ప్రోగ్రామ్‌లో జీమెయిల్ ఖాతాను ఐమ్యాప్‌గా కలిపి, పాత ఫోల్డర్లను దానిలోకి లాగితే అవి పైకెక్కి, కొత్త కంప్యూటర్‌లో తామే దిగుతాయి. సూత్రం చక్కనిదే గాని నేటి సర్వర్లు అడిగే భద్రతా పద్ధతులు ఎక్స్‌పీ కాలపు ప్రోగ్రామ్‌లకు తెలియవు, పైగా గూగుల్ 2022 మే చివరి నుంచి వ్యక్తిగత ఖాతాల్లో మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌లను రానివ్వడం ఆపింది, కనుక ఈ వంతెన కొత్త కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్ నుంచి ఎక్కేవారికే పనికొస్తుంది. ఉచితంగా దొరికే 15 గిగాబైట్లు ఫొటోలకూ డ్రైవ్‌కూ కూడా కలిపి ఇచ్చినవన్నది మరిచి, మెయిళ్లు ఎక్కించి, చోటు నిండి కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోయిన తర్వాత చింతించి లాభం లేదు.

తరలింపు తర్వాత కనిపించే వింతల్లో కొన్నిటికి కారణం తెలిస్తే భయం పోతుంది. మెయిళ్లన్నీ ఒకే రోజున, అంటే తరలించిన రోజునే, వచ్చినట్టు కనబడితే ప్రోగ్రామ్ ‘అందిన తేదీ’ ప్రకారం పేర్చిందన్నమాట; మెయిల్ లోపల రాసిన పంపిన తేదీ చెక్కుచెదరదు, ఆ తేదీ ప్రకారం పేర్చమంటే 2001 మళ్లీ 2001 అవుతుంది. ఎన్నడో తొలగించిన మెయిళ్లు తిరిగి ప్రత్యక్షమైతే, ఎంబాక్స్‌లో తొలగింపు అంటే ముందు గుర్తు పెట్టడమేననీ, ఫోల్డర్‌ను కాంపాక్ట్ చేసినప్పుడే, అంటే కుదించినప్పుడే, నిజంగా పోతాయనీ గ్రహించాలి. ఆ గుర్తును చదవని పరికరం పోయినవాటిని కూడా మోసుకొస్తుంది. ఒక మెయిల్ రెండు ముక్కలై, రెండో ముక్కకు పంపినవారి పేరు లేకుండా ఉంటే, దాని నడుమ ఏదో వాక్యం ఇంగ్లిషు ‘ఫ్రమ్’ అనే మాటతో మొదలై ఉంటుంది; ఎంబాక్స్‌లో కొత్త మెయిల్ మొదలయిందనడానికి అదే ఆనవాలు కనుక ప్రోగ్రామ్ పొరబడింది.

తెలుగు రాత సంగతి వీటన్నిటికన్నా జటిలమైనది, మార్గదర్శక గ్రంథాలు దీన్ని దాటవేయడం వల్ల విపులంగా చెప్పవలసినది. పాత మెయిళ్లలో తెలుగు మూడు వేషాల్లో ఉంటుంది. మొదటిది ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు. అమెరికాలోని తెలుగువారి మధ్య ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి 1990లలో బాగా నడిచింది, పద్ధతి ఎరగనివారు తోచినట్టు రాశారు, ఎలా రాసినా దీనికి తరలింపులో ఏ హానీ జరగదు. రెండోది అను వంటి డీటీపీ ఫాంట్లతో రాసినది. కంప్యూటర్ దృష్టిలో అవి వట్టి ఇంగ్లిషు సంకేతాలు, వాటిపై తెలుగు బొమ్మలను తొడిగేది ఫాంటు మాత్రమే, కనుక ఆ ఫాంటు కొత్త యంత్రంలో లేకపోతే పెళ్లిపత్రిక కాస్తా అర్థంపర్థం లేని గుర్తుల వరుసగా కనబడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ డీటీపీ సెంటర్లలో టైపు చేయించి పంపినవి చాలావరకు ఈ తరగతివే. పాత యంత్రంలోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా మెయిళ్లతో పాటే కాపీ చేసుకోవాలన్న నియమం ఇందుకే. మూడోది యూనికోడ్, అంటే ప్రపంచ లిపులన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో స్థిరమైన సంఖ్యను కేటాయించిన ప్రమాణం.

యూనికోడ్‌లో రాసిన తెలుగు కూడా పాడైనట్టు కనబడవచ్చు. మెయిళ్లలో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 అమరికలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు, అంటే మూడు నిల్వ గదులు, ఆక్రమిస్తుంది. వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఈ వరుసను పాశ్చాత్య అక్షరాల పట్టికతో చదివితే తల మీద ఏటవాలు గీత ఉన్న చిన్న ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ తర్వాత మరేదో గుర్తు, మళ్లీ అదే ‘ఏ’ అంటూ పేజీ నిండిపోతుంది. ఈ దృశ్యం కనబడితే నిజానికి సంతోషించాలి, ఎందుకంటే బైట్లన్నీ క్షేమంగా ఉన్నాయి, చదివే పట్టికే తప్పు. థండర్‌బర్డ్‌లో పాఠ్య సంకేతాలను సరిచేసే ఆదేశం ఇస్తే తెలుగు తిరిగి వస్తుంది. వరుసగా ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం అది వేరే వ్యాధి. తెలుగు పట్టని రూపంలోకి మార్చేటప్పుడు ప్రోగ్రామ్ ప్రతి అక్షరాన్నీ ప్రశ్నార్థకంతో భర్తీ చేసి అసలును పారేసింది. ఆ ప్రతి నుంచి ఎవరూ ఏమీ రాబట్టలేరు, అసలు ఫైలు వద్దకు తిరిగి వెళ్లడమొక్కటే దారి. తెలుగు పేర్లున్న చిరునామాల పుస్తకాన్ని సీఎస్‌వీ అనే పట్టిక రూపంలో ఎగుమతి చేసేటప్పుడు ఇదే జరుగుతుంటుంది. గజిబిజి గుర్తులకు మందు ఉంది, ప్రశ్నార్థకాలకు లేదు అన్న ఈ తేడా తెలియక, బాగుపడగల మెయిళ్లను చెరిపేసినవారూ, బాగుపడని వాటితో రోజులు గడిపినవారూ ఉన్నారు.

అసలు పాఠం అక్షరాక్షరం నిలవాలనడానికి కోర్టు కారణం ఒకటి ఉంది. ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టు పరిధిలో భూమి తగాదాలకు కొదవ లేదు. లేఅవుట్ హద్దుల గురించో, బయానా సొమ్ము గురించో పన్నెండేళ్ల కిందటి మెయిల్ ఒక్కటి దావా నడకను మార్చవచ్చు. ఎలక్ట్రానిక్ పత్రాన్ని నకలుగా సమర్పించేటప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులోనూ స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఆ ధ్రువపత్రంలో హ్యాష్ విలువను కూడా పేర్కొనాలి. హ్యాష్ అంటే ఫైలులోని బైట్లన్నిటినీ లెక్కగట్టి తీసిన సంఖ్య, ఒక్క అక్షరం మారినా పూర్తిగా మారిపోయేది. మెయిల్‌ను పాత చిరునామా నుంచి కొత్త చిరునామాకు ఫార్వర్డ్ చేసి అదే తరలింపు అనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే ఫార్వర్డ్ చేయగానే హెడర్, అంటే మెయిల్ ఏ సర్వర్ల మీదుగా ఏ క్షణాన వచ్చిందో చెప్పే తలభాగం, కొత్తదైపోతుంది, పాత సాక్ష్యం కేవలం ఎవరైనా టైపు చేయగల పాఠంగా మిగులుతుంది. ప్రింటు తీసి పెట్టుకోవడం కూడా అంతే. కోర్టుకు వెళ్లే ఉద్దేశం లేని వ్యాపారి సైతం జీఎస్‌టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలూ పత్రాలూ నిలిపి ఉంచాలి, నేటి బిల్లుల్లో చాలా భాగం మెయిల్‌లోనే వస్తున్నాయి.

తరలింపు నిజంగా పూర్తయిందని నిర్ధారించుకోవడానికి ప్రతి ఫోల్డర్‌లోని మెయిళ్ల సంఖ్యను పాత చోటా కొత్త చోటా పక్కపక్కన రాసి చూడాలి. సంఖ్యలు సరిపోయాక అతి పాత మెయిల్‌ను, అతి పెద్ద అటాచ్‌మెంట్ ఉన్నదాన్ని, తెలుగులో ఉన్నదాన్ని, పంపినవాటి ఫోల్డర్ నుంచి ఒకదాన్ని తెరిచి చూడాలి. పంపిన మెయిళ్ల ఫోల్డర్‌ను విడిగా పేర్కొనడానికి కారణం, అందరూ ఇన్‌బాక్స్‌ను చూసుకుని తృప్తిపడి దాన్ని మరిచిపోతారు, తీరా ఒప్పందాల్లో సగం మాట అక్కడే ఉంటుంది. అటాచ్‌మెంట్ స్థానంలో విన్‌మెయిల్ డాట్ అనే వింత ఫైలు కనిపిస్తే అది పాడైనది కాదు, అవుట్‌లుక్ తన సొంత పద్ధతిలో కట్టిన మూట. దాన్ని విప్పే ఉచిత ప్రోగ్రామ్‌లున్నాయి. ఈ దశలో చాలామందిని లోబరచుకునే కోరిక ఏమిటంటే, ఎలాగూ చేతికొచ్చాయి కదా అని పనికిరాని మెయిళ్లను ఏరి పారేయడం. ఇల్లు మారేరోజున పాత కాగితాలు చదువుతూ కూర్చుంటే లారీ నిలబడిపోయినట్టే, తరలింపూ ఏరివేతా ఒకేసారి పెట్టుకుంటే సంఖ్యలు సరిపోలే అవకాశమే పోతుంది, ఏది పోగొట్టుకున్నారో ఏది పారేశారో తెలియదు. ఏరివేత తర్వాతి నెల పని.

పాత డిస్క్‌ను కనీసం ఒక ఆర్థిక సంవత్సరం లెక్కలు ముగిసేదాకా ఉంచడం సముచితం. ఆడిటర్ ఏదైనా అడిగితే అప్పుడే లోటు బయటపడుతుంది. విడిపించిన ఈఎంఎల్ ప్రతిని రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలో కాక, ఒక బయటి హార్డ్ డిస్క్‌లోనూ, మరొక ఊళ్లోనో ఇంట్లోనో ఉన్న దగ్గరివారి వద్దా పెట్టడం మేలు, ఏళ్లపాటు కరెంటు తగలని పెన్‌డ్రైవ్ నమ్మదగినది కాదు. చివరికి డిస్క్‌ను వదిలించుకునే రోజున, ఫార్మాట్ చేస్తే చాలనుకోకూడదు. త్వరిత ఫార్మాట్ చెరిపేది పట్టికనే గాని లోపలి బైట్లను కాదు, వాటిలో పాన్ కార్డు స్కాన్లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఉండి తీరతాయి. డిస్క్ అంతటి మీదా కొత్త సమాచారాన్ని రాసి తుడిచే ప్రోగ్రామ్‌ను ఒకసారి నడిపించి గాని, అది వెలగని స్థితిలో ఉంటే లోపలి పలకలకు డ్రిల్‌తో రంధ్రాలు వేయించి గాని ఈ-వ్యర్థాల వారికి అప్పగించాలి.